సీసాలో తేట, ట్యాంకులో నీళ్లు

డీజిల్, నీళ్లు కలవవని అందరికీ తెలుసు. ఆ రెండూ ఒకే పైపులో కలిసి ప్రయాణం చేస్తే ఏం జరుగుతుందో మాత్రం మా డాలీగంజ్‌లో నాకు తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదని కొంచెం గర్వంగానే చెప్పుకుంటాను. బడిలో నేను చదివింది నాలుగో తరగతి దాకానే. మిగతా చదువంతా కిలోమీటరు పొడవున్న ఒక ఇనుప పైపు దగ్గర చదివాను. ఇప్పుడు కొత్తగా పనిలో చేరుతున్న పిల్లలు, ముఖ్యంగా ఆడపిల్లలు, మా ఇంటికొచ్చి "దీదీ, మీ రోజుల్లో పని ఎలా ఉండేది?" అని అడుగుతుంటారు. పనికేం, ఎప్పుడూ ఉండేదే. నేను నిజం చెప్పినందుకు ఒక మంచి మనిషి దొంగ అయిపోయిన సంగతి చెబుతాను, వినండి. తర్వాత దొరగా బయటపడ్డాడు కూడా, కాబట్టి భయపడకుండా వినండి.

మా నాన్న శ్రీకాకుళం తీరం నుంచి ఓడెక్కి ఈ దీవులకి చేపల పనికి వచ్చాడు. నేను ఇక్కడే పుట్టాను. మా ఆయనదీ చేపల పనే, డింగీ అనే చిన్న ఇంజన్ పడవ ఉండేది. ఇద్దరు పిల్లలు పుట్టాక, పవర్‌హౌస్‌లో రోజుకూలీ మజ్దూర్లను తీసుకుంటున్నారని తెలిసి వెళితే నా చేతికి కొడవలి ఇచ్చారు. జెట్టీ నుంచి ట్యాంకుల దాకా డీజిల్ పైపు పక్కన పెరిగే గడ్డి కొయ్యడం నా పని. మన దీవుల వాన సంగతి తెలుసు కదా. ఈ చివర మొదలుపెట్టి ఆ చివరికి చేరేసరికి ఈ చివర మళ్లీ మోకాలెత్తు పెరిగి ఉండేది. జలగలు, అరచేతంత నత్తలు, ఎప్పుడైనా ఒక పాము. అందరూ నన్ను 'గడ్డి దీదీ' అనేవాళ్లు. నాకు కోపం వచ్చేది కాదు. నేను కోసేది గడ్డే కదా.

ఇక్కడ పని గురించి రెండు ముక్కలు చెప్పాలి. లేకపోతే తర్వాత జరిగింది మీకు అర్థం కాదు.

మన కరెంటుకి కావలసిన డీజిల్ బార్జిలో వస్తుంది. బార్జి అంటే చిన్న ట్యాంకర్ ఓడ. అది జెట్టీకి కట్టుకోగానే దాని పంపు డీజిల్‌ని పైపులోకి తోస్తుంది. పైపు ఖాడీ, అంటే సముద్రపు పాయ, ఒడ్డున నడిచి, మడ చెట్ల మధ్య కల్వర్టు దాటి, గుట్టెక్కి ట్యాంకులకు చేరుతుంది. డీజిల్ దించడం అయిపోయాక చివర్లో సముద్రపు నీళ్లు తోలి పైపు నిండా నీళ్లు ఉంచేవాళ్లు. పైపు పాతది, గాలి ఉప్పుగాలి. ఎక్కడైనా చిల్లు పడితే ఖాడీలోకి కారేది నీళ్లే కావాలి, డీజిల్ కాకూడదని ఆ ఏర్పాటు. అందుకని మళ్లీ బార్జి వచ్చినప్పుడు పైపులోంచి ముందు వచ్చేవి నీళ్లు. వెనక నుంచి డీజిల్ వాటిని నెట్టుకుంటూ వస్తుంది. ఆ నీళ్లను మురికి ట్యాంకులోకి వదలాలి. డీజిల్ రాగానే వాల్వు చక్రం తిప్పి మంచి ట్యాంకులోకి మళ్లించాలి. తొందరపడితే మంచి ట్యాంకులో నీళ్లు పడతాయి. ఆలస్యమైతే మంచి డీజిల్ మురికి పాలవుతుంది.

తిప్పే సమయం ఎప్పుడో చెప్పేది సీసా. ట్యాంకుల దగ్గర పైపుకి చిన్న కుళాయి ఉంటుంది. నిమిషానికోసారి గాజు సీసాలో పట్టి, వెలుతురుకి ఎత్తి చూసి, కేక వెయ్యాలి. మూడే కేకలు. నీళ్లయితే "పానీ". నీళ్లూ డీజిలూ కలిసి తెల్లగా చిలికినట్టు వస్తే "దూధ్". తేటగా డీజిల్ వస్తే "సాఫ్". ఈ పని చేసే ఆయన కళ్లకు పొర వస్తే, గడ్డి దీదీ కళ్లు బాగున్నాయి కదా అని ఆ సీసా నాకు అప్పజెప్పారు. బార్జి వచ్చిన రోజు సీసా, మిగతా రోజులు కొడవలి.

నా కేక విని చక్రం తిప్పేది పెద్ద ఖలాసీ. మేమంతా దాదా అనేవాళ్లం. అడవి నరకడానికి రాంచీ వైపు నుంచి వచ్చినవాళ్ల మనవడు. ఆరడుగుల మనిషి, నెమ్మదైన మాట. ట్యాంకుల తాళాలు ఆయన నడుముకే ఉండేవి. ట్యాంకు కంచె లోపలికి తాగే నీళ్ల బాటిల్ కూడా తేనిచ్చేవాడు కాదు. "నీళ్లకి నోరు అలవాటు కాకూడదు" అని ట్యాంకుని చూపించి అనేవాడు, అదేదో ఆయన పెంచుకునే ఎద్దులాగా. దాహమేస్తే గేటు బయటికెళ్లి తాగి రావాలి. ఇంకో అయిదు నెలల్లో రిటైరవుతాడనగా ఇదంతా జరిగింది.

ఆయనతోనూ ఇంజనీరు సాబులతోనూ మా మాటలన్నీ హిందీలోనే. నేను మన మాటల్లో రాస్తున్నాను. అక్కడక్కడా హిందీ ముక్క తగిలితే సర్దుకోండి.

అప్పుడే మెయిన్‌లాండ్ నుంచి కుర్ర ఇంజనీరు వచ్చాడు. మేము చిన్న సాబ్ అనేవాళ్లం. మర్యాదస్తుడు. ఆయన చూసిన మొదటి బార్జి రోజే పైపు అతుకు దగ్గర వాషరు పోయి డీజిల్ చిమ్మి, ఇస్త్రీ చొక్కా మీద పడింది. పాత సాబ్ కాలంలో మొదటి నుంచీ పంపు జోరుగానే తోలేవాళ్లు. చిన్న సాబ్ కాగితం రాసి గోడకి అంటించాడు. ఇక మీదట పంపు మెల్లగా మొదలుపెట్టాలి, మంచి ట్యాంకు తెరిచాకే జోరు పెంచాలి అని. తప్పేముంది? పాత పైపుని మెల్లగా వాడమంటే అందరం మంచిదే అనుకున్నాం.

ఆ తర్వాత వచ్చిన బార్జికి అలాగే చేశాం. పానీ, పానీ, దూధ్, సాఫ్. దాదా చక్రం తిప్పాడు. పంపు జోరు పెంచారు. నేను సీసాలు కడుక్కుని ఇంటికెళ్లాను. మర్నాడు పొద్దున ట్యాంకులో కొలత రాడ్డు దించారు. రాడ్డు చివర ఒక పేస్టు పూస్తారు. నీళ్లు తగిలితే అది ఎర్రబడుతుంది. ఎప్పుడూ వేలెడు కూడా ఎర్రబడనిది ఆ రోజు జానెడు ఎర్రబడింది.

ఏదో పొరపాటనుకున్నారు. అడుగునున్న నీళ్లు వదిలేశారు. తర్వాతి బార్జికీ అంతే. ఈసారి నీళ్లు వదిలేలోపే కరెంటు తీసే ఇంజన్‌కి చేరాయి. ఇంజన్ దగ్గి, తుమ్మి, ఆగిపోయింది. ఊళ్లో షాదీపూర్ నుంచి డెలానీపూర్ దాకా మధ్యాహ్నం పూట ఫ్యాన్లు ఆగాయి. ఫ్యాన్లు ఆగితే మన జనం ఊరుకుంటారా? ఎంక్వైరీ వేశారు.

బార్జిలో సీలు వేసి ఉంచిన నమూనా డీజిల్ చూశారు. శుభ్రం. ట్యాంకు కప్పు ఎక్కి చూశారు. చిల్లు లేదు. ఇక నన్ను పిలిచారు. ఇద్దరు పెద్ద సాబులు, పక్కన చిన్న సాబ్, కాగితాలు అందిస్తూ స్టోర్‌కీపర్. ఈ స్టోర్‌కీపరు మన తీరం మనిషే, నన్ను అక్కా అనేవాడు. నోరు మాత్రం కాస్త ఎక్కువ.

"దీదీ, మీరు చక్రం తిప్పమన్నప్పుడు సీసాలో ఏముంది?"

"సాఫ్ ఉంది సాబ్."

"బాగా చూశారా?"

"నా కళ్లతో చూశాను సాబ్. నిమ్మచెక్క టీలాగా ఉంది."

"కొంచెమైనా నీళ్లు?"

"చుక్క కూడా లేవు."

నా కళ్ల గురించి నాకు గర్వం. అందుకే అంత గట్టిగా చెప్పాను. పెద్ద సాబ్ అది రాసుకున్నాడు. స్టోర్‌కీపర్ మెల్లగా నాకు వినపడేలా తెలుగులో అన్నాడు. "ఓడలో లేవు, పైపులో లేవు, నువ్వే సెప్పినావు. మరింక ట్యాంకు కాడ ఎవులు కలిపినట్టక్కా? తాలాలు ఎవుల కాడున్నాయి?"

అప్పుడు తెలిసింది నాకు నేను చేసిన పని. ట్యాంకులో అన్ని నీళ్లున్నాయంటే అంత డీజిల్ ఎక్కడికో పోయినట్టు. ఎవరో తీసుకుని, కొలత తగ్గకుండా నీళ్లు పోశారన్నమాట. తాళాలున్నది దాదా దగ్గర. నా తేట సీసాయే ఆయన మీద సాక్ష్యం.

తాళాలు తీసుకున్నారు. వచ్చే బార్జి నాటికి అసలు సంగతి తేలకపోతే పోలీసులకి అప్పగిస్తామన్నారు. అప్పటిదాకా ట్యాంకుల వైపు రాకూడదని ఆయన్ని నాతో పాటు గడ్డి కొయ్యడానికి పంపించారు. ముప్పై ఏళ్లకు పైగా చక్రం తిప్పిన చేతులకి కొడవలి ఇచ్చారు.

మొదటి రోజు నేను ఆయన మొహం చూడలేకపోయాను. "దాదా, నేను చూసిందే చెప్పాను" అన్నాను.

"చూడనిది చెప్పి ఉంటే తన్నేవాణ్ణి" అన్నాడు ఆయన. తర్వాత గడ్డి వైపు తిరిగాడు. ఆ రోజుకి అంతే మాట. గడ్డి కొయ్యడం ఆయనకి బొత్తిగా చేతకాదు. గడ్డి కంటే నత్తలనే ఎక్కువ నరికాడు. నేను ఆయన వెనకాలే నడుస్తూ మిగిలిపోయింది కోసుకుంటూ వచ్చాను. నాలుగు రోజులకి నవ్వకుండా ఉండలేక నవ్వేశాను. ఆయన కూడా నవ్వాడు. అలా మళ్లీ మాటలు మొదలయ్యాయి.

అలా కోసుకుంటూ ఒక రోజు కల్వర్టు దగ్గరికి చేరాం. అక్కడ పైపు అవతల ఒక చిన్న మెట్ట ఉంది. గడ్డి మోపులు ఆ మెట్ట మీద పడేస్తాం. నేను మోపు నెత్తిన పెట్టుకుని, పైపు మీదుగా కాలెత్తి అవతలికి దాటాను, రోజూ దాటినట్టే. దాదా నా వెనక మోపు చంకన పెట్టుకుని వచ్చాడు. ఆయన కాలెత్తలేదు. వంగాడు. ఇంత పొడుగు మనిషి, నడుము ముడిచి, తల దించి, పైపు కింద నుంచి దూరబోయి, దూరడానికి చోటు లేక నుదురు టంగుమని పైపుకి కొట్టుకుని బురదలో కూర్చున్నాడు.

నేను కడుపు పట్టుకుని నవ్వాను. "ఏంటి దాదా, కప్పలాగా దూరుతున్నావు? కాలు ఎత్తలేవా?"

ఆయన నుదురు రుద్దుకుంటూ పైపుని చూశాడు. చాలాసేపు చూశాడు. "ఇక్కడ వంగి దాటాలి కదా" అన్నాడు. "నేను కుర్రాడిగా ఉన్నప్పుడు ఈ పైపు నడిచేవాణ్ణి. ఇక్కడ కింద నుంచే దాటేవాళ్లం. మోపు చంకన ఉన్నా పట్టేది."

నా నవ్వు ఆగిపోయింది. నిజమే. నేను పనిలో చేరిన కొత్తలో నేనూ వంగే దాటేదాన్ని. వీపుకి తుప్పు అంటుకుని జాకెట్లన్నీ పాడయ్యేవి, మా అమ్మ తిట్టేది. ఎప్పుడు మానేశాను వంగడం? సునామీ తర్వాత. ఆ రోజు మన నేలే కిందికి దిగిపోయింది కదా. ఎన్నో పొలాల్లోకి ఉప్పునీళ్లు వచ్చి ఇప్పటికీ వెళ్లలేదు. కల్వర్టు దగ్గర నేల కూడా దిగింది. ఆ బురదలోకి పైపుని మోసే దిమ్మెలు ఇంకా లోతుగా దిగాయి. దిమ్మెల మీద పైపు దిగింది, అటూ ఇటూ గట్టిగా ఉండి మధ్యలో ఊయలలాగా. రోజూ చూసేదాన్ని కాబట్టి నాకు కనపడలేదు. ఎన్నో ఏళ్ల తర్వాత వచ్చిన దాదా నుదుటికి తగిలింది.

పైపు కుంగింది, సరే. దానికీ ట్యాంకులో నీళ్లకీ సంబంధం ఏమిటో అప్పటికి మాకిద్దరికీ తెలియలేదు. కుంగి ఎన్నో ఏళ్లయింది. నీళ్లు వస్తున్నది మొన్నటి నుంచి.

ఆ సాయంత్రం మా ఆయన మర్నాటి వేటకి డింగీలో డీజిల్ పోసుకుంటున్నాడు. డబ్బాని రాయి మీద ఏటవాలుగా పెట్టి, పసిపిల్లకి ఉగ్గు పోసినట్టు పోస్తున్నాడు.

"ఎంతసేపు మావా? గబాల్న వంపెయ్యరాదా?"

"ఒలే, నీకేటి తెలుసే? అడుగున నీల్లుంటాయి. మెల్లగా వంపితే నీల్లు కదలవు, డీజిలు ఆటి మీంచి జారి ఒచ్చేత్తాది. గబాల్న వంపినావంటే నీల్లు కూడా లేచి ఒచ్చేత్తాయి. నడిసంద్రంలో ఇంజినాగిపోతే నువ్వొచ్చి తోత్తావేటి?"

నేను ఆ డబ్బా వైపు అలాగే చూస్తూ నిలబడ్డాను. మా ఆయన మెల్లగా వంపుతున్నాడు. చిన్న సాబ్ కూడా పంపుని మెల్లగానే తోలిస్తున్నాడు. కుంగిన చోట గుంటలో నీళ్లు కదలకుండా కూర్చున్నాయి. డీజిల్ వాటి వీపు మీద నుంచి జారి నా సీసాలోకి వచ్చింది. తేటగా. నేను సాఫ్ అన్నాను. దాదా చక్రం తిప్పాడు. అప్పుడు పంపు జోరు పెంచారు. గుంటలో నీళ్లు లేచి, తెరిచి ఉన్న మంచి ట్యాంకులోకి పోయాయి. పాత సాబ్ మొదటి నుంచీ జోరుగా తోలించేవాడు కాబట్టి ఆ నీళ్లు ముందే ఊడ్చుకుని మురికి ట్యాంకులోకి పోయేవి.

"మావా!" అని అరిచాను. ఆయన అదిరిపడి డీజిల్ కాలి మీద పోసుకున్నాడు. ఆ తిట్లు ఇక్కడ రాయను.

మర్నాడు ఈ సంగతి చిన్న సాబ్‌కి ఉత్త మాటలతో చెబితే నమ్మడనుకున్నాను. పక్కింటి మేస్త్రీ దగ్గర మట్టం చూసుకునే సన్నటి ప్లాస్టిక్ గొట్టం అడిగి తెచ్చాను. దాన్ని మధ్యలో కుంగదీసి పట్టుకుని, పసుపు కలిపిన నీళ్లు నింపి, ఒక చివర డీజిల్ పోసి చూపిద్దామని ఆఫీసుకి వెళ్లాను. సాబ్ టేబుల్ మీద కాగితాలు తీశాడు. స్టోర్‌కీపరు, ప్యూను, ఇంకో ఇద్దరు చుట్టూ చేరారు. నేను డీజిల్ మెల్లగా పోశాను. డీజిల్ కుంగిన చోటికి వచ్చింది. నీళ్ల మీద నుంచి జారలేదు. నీళ్లన్నిటినీ బుద్ధిగా ముందుకు నెట్టుకుంటూ పోయి, అవతలి చివర సాబ్ టేబుల్ మీద పోసేసింది. గొట్టంలో ఒక్క చుక్క నీళ్లు మిగల్లేదు.

అందరూ నవ్వారు. స్టోర్‌కీపర్ అన్నాడు, "అక్కా, నీ గొట్టం కూడా సాఫే అంతాది."

నాకు భూమిలోకి పోవాలనిపించింది. పసుపు నీళ్లు తుడుస్తూనే చెప్పాను, "సాబ్, గొట్టం మాట వదిలెయ్యండి. కల్వర్టు దగ్గర ఒకప్పుడు నేను వంగి దాటిన పైపుని ఇప్పుడు కాలెత్తి దాటుతున్నాను. ఇది మాత్రం అబద్ధం కాదు."

సాబ్ నవ్వడం ఆపాడు. పైపు నక్షా తీసి చూపించాడు. కల్వర్టు మీద గీత లాగి కట్టిన తాడులాగా తిన్నగా ఉంది. "దీదీ, ఇందులో కుంగు లేదే."

"ఆ కాగితం మీద గడ్డి మొలవదు కదా సాబ్. మొలిస్తే కుంగు కూడా కనపడేది."

ఆయన నా మొహం చూసి, లేచి, బూట్లు వేసుకున్నాడు. కల్వర్టు దాకా నడిచాం. దాదా అక్కడే నత్తలతో కుస్తీ పడుతున్నాడు. సాబ్ నన్నడిగాడు, "ఎలా దూరేవారు?" నేను వంగి చూపించాను. ఆయన కూడా వంగి ప్రయత్నించాడు. చొక్కా అంతా తుప్పు, మోకాళ్లదాకా బురద. దూరలేదు. అలా బురదలో కూర్చునే, తన చేతిలోని కాగితాన్నీ పైపునీ మార్చి మార్చి చూశాడు. తర్వాత దాదా నుదుటి మీది బొప్పి చూశాడు.

"సన్నటి గొట్టంలో పక్క నుంచి జారడానికి చోటుండదు దీదీ. డీజిల్ బిరడాలాగా నెట్టేస్తుంది" అన్నాడు. "పెద్ద పైపులో చోటుంటుంది. మీ గొట్టం తప్పు చెప్పింది. మీరు చెప్పింది తప్పు కాదేమో."

'ఏమో' అన్నాడు. పెద్ద సాబులకి ఆ 'ఏమో' సరిపోదు. బార్జి వచ్చిన రోజు అందరి ముందూ తేల్చాలని ఆయనే ఒప్పించాడు. తేలకపోతే కేసు పోలీసులకి వెళుతుంది. దాదా ఇంటికి దొంగగా వెళతాడు.

బార్జి పోటు చూసుకుని పొద్దున్నే వచ్చింది. ట్యాంకు కంచె లోపల పెద్ద సాబులు ఇద్దరు, చిన్న సాబ్, స్టోర్‌కీపరు. చక్రం దగ్గర కొత్త ఖలాసీ. దాదాకి లోపలికి రావడానికి అనుమతి లేదు. కంచె బయట పైపు పక్కన కొడవలి పట్టుకుని నిలబడ్డాడు. నేను చెక్క మీద సీసాలు వరసగా పెట్టుకున్నాను. ఒక్కోదాన్నీ తడి లేకుండా కొంగుతో తుడిచాను.

పంపు మెల్లగా మొదలైంది. "పానీ!" అన్నాను. "పానీ!" కాసేపటికి "దూధ్!" తర్వాత నిమ్మచెక్క టీ. "సాఫ్!"

కొత్త ఖలాసీ అలవాటు కొద్దీ చక్రం మీద చెయ్యి వేశాడు. "చెయ్యి తియ్!" అని చిన్న సాబ్ అరిచాడు. మురికి ట్యాంకే తెరిచి ఉంచి, చేతిలో వాకీటాకీ నోటి దగ్గర పెట్టుకుని, "పంపు జోరు పెంచండి, ఫుల్" అన్నాడు.

పైపు గుర్రుమంది. నేను సీసా పట్టాను. సాఫ్. ఇంకోటి. సాఫ్. ఇంకోటి. అదీ సాఫే. బంగారంలాంటి డీజిల్ మురికి ట్యాంకులోకి పోతోంది. పెద్ద సాబ్ ఒకాయన వాచీ చూసుకున్నాడు. స్టోర్‌కీపర్ నా వెనక చేరాడు. "అక్కా, ఇంకెన్ని సీసాలే? ఉన్న డీజిలంతా మురిక్కుండీలో పోయించీసినావు."

"నోర్మూసుకుని సీసా అందించు తమ్ముడూ" అన్నాను. అతని చేతిలోది లాక్కున్నాను. ఇంకో సీసా. సాఫ్. నేనే రెండోసారి దాదాని ముంచేశానా అనిపించింది. జీవితంలో డీజిల్ తేటగా వస్తే ఏడుపొచ్చింది ఆ రోజే.

అప్పుడు కంచె బయట నుంచి దాదా కేక. పైపుకి చెవి ఆనించి ఉన్నాడు. "వస్తోంది! పైపు శబ్దం మారింది! వస్తోంది!"

నేను సీసా కుళాయి కింద పెట్టాను. అందులో పడింది చూసి, మూడు కేకల్లో ఏది వెయ్యాలో ఒక్క క్షణం మర్చిపోయాను.

"దూధ్!" అని అరిచాను. "సాబ్, దూధ్! పాలు సాబ్ పాలు!"

తర్వాతి సీసా పానీ. దాని తర్వాతిదీ పానీ. కుంగిన చోట కూర్చున్న నీళ్లన్నీ లేచి వస్తున్నాయి, పెళ్లికి ఆలస్యంగా వచ్చిన చుట్టాల్లాగా, గుంపుగా. పెద్ద సాబులు ఒక్కో సీసా తీసుకుని వెలుతురుకి ఎత్తి చూశారు. మంచి ట్యాంకుకి చక్రం ఇంకా తిప్పనే లేదు. నీళ్లు పైపులోంచే వచ్చాయి, అందరి కళ్ల ముందూ. చిన్న సాబ్ ఆ సీసా పట్టుకుని ఎగిరినంత పని చేశాడు. పెద్ద సాబుల ముందని గుర్తొచ్చి ఆగాడు.

ఆయనే వెళ్లి గేటు తీశాడు. "దాదా, లోపలికి రండి. నా కాగితమే మిమ్మల్ని ఇంత దూరం తెచ్చింది. మాఫ్ కీజియే."

దాదా కొడవలి కంచెకి తగిలించి వచ్చాడు. కొత్త ఖలాసీ పక్కకి తప్పుకున్నాడు. మళ్లీ దూధ్ వచ్చింది, మళ్లీ సాఫ్ వచ్చింది. దాదా నా వైపు చూశాడు. నేను ఇంకో రెండు సీసాలు పట్టి, రెండూ ఎత్తి చూపించి, అప్పుడు గట్టిగా అన్నాను, "సాఫ్!" ఆయన చక్రం తిప్పాడు. ఆ చక్రం అంత తేలిగ్గా తిరగడం నేను ఎప్పుడూ చూడలేదు.

పిల్లలూ, నా సీసా ఏ రోజూ అబద్ధం చెప్పలేదు. ఆ నిమిషంలో కుళాయి దగ్గరికి వచ్చింది డీజిలే. నేనే ఒక్క నిమిషం చూసి, పైపు మొత్తం చూసినట్టు సాక్ష్యం చెప్పాను. మిమ్మల్ని ఎవరైనా "చూశావా?" అని అడిగితే "చూశాను" అనండి. దాంతో పాటు "కాసేపే చూశాను" అని కూడా అనండి. ఆ రెండో మాట నాకు రావడానికి దాదా నుదుటి మీద బొప్పి కట్టాల్సి వచ్చింది.

మర్నాడు పొద్దున కొలత రాడ్డు దించాలి. అది మామూలుగా ఖలాసీ పని. దాదా తాళం తీసి, రాడ్డు మీద తనే పేస్టు పూసి, స్టోర్‌కీపర్ చేతికిచ్చాడు. "నువ్వెక్కు" అన్నాడు. స్టోర్‌కీపర్‌కి నిచ్చెనలంటే భయం. అయినా సాబులందరూ చూస్తుంటే ఏం చేస్తాడు? పొట్ట నిచ్చెనకి రాసుకుంటూ ఎక్కాడు. రాడ్డు దించాడు. పైకి తీశాడు. చూశాడు. అక్కడి నుంచి ఏదో గొణిగాడు.

"ఏమన్నాడు?" అన్నాడు దాదా.

"సాఫ్" అన్నాడు పైనుంచి స్టోర్‌కీపర్.

"ఇంజన్ల మోతలో వినపడలేదు."

"సాఫ్!"

దాదా చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు. "ఏంటీ?"

"సాఫ్ హై దాదా! ట్యాంకు సాఫ్ హై! నీ చేతులు సాఫ్, అన్నీ సాఫ్!" అని స్టోర్‌కీపర్ నిచ్చెన పట్టుకుని, కళ్లు మూసుకుని, గుట్ట కిందున్న క్యాంటీన్‌లో వాళ్లు బయటికొచ్చి చూసేంత గట్టిగా అరిచాడు.

దాదా నాలుగోసారి అడగబోతుంటే నేనే ఆయన చెయ్యి పట్టుకున్నాను.

"చాలు దాదా. పాపం, గొంతు పోతుంది."

"పోనీ" అన్నాడు దాదా.